హార్లిక్స్ సీసా ఎనక

అలిపిరి గేటు రాకముందే
దొరసామి టీ అంగట్లో
హార్లిక్స్ సీసా ఎనక పెట్టేస్తాను బీడీ కట్టని.
దాని మీద అగ్గిపెట్టె.
ఇరవై ఆరేండ్లుగా ఇదే వరస.
గేటుకాడోళ్ళు సీటు కింద తడిమినా, జేబు తిరగేసినా
దొరికేది చిటికెడు పొగాకు పొట్టు.

భక్తి అనుకునేరు.
భక్తి కాదు సామీ, పట్టుకుంటే పర్మిట్టు పోతాది.

కొండ మీద నాలుగు గంటలు, ఒగోసారి రాత్రంతా
క్యూలో ఇరుక్కున్నోళ్ళ కోసం కాచుకోని ఉంటా.
అప్పుడు దాని ఊసే ఎత్తదు నోరు.
దిగేటప్పుడు, ఆఖరి వంపులో
చెయ్యి దానంతట అదే జేబుకాడికి పోతాది,
ఇల్లు కనపడంగానే కుక్క గొలుసు లాగినట్టు.

గజ్జల్లో గడ్డ మొదట నిమ్మకాయంత.
టైరు మార్చిన నాడు బత్తాయంత.
పెద్దాసుపత్రిలో సర్జన్ చూసి
వల పెట్టి కుట్టేస్తాం, గంట పని అన్నాడు.
మత్తిచ్చే డాక్టరమ్మ మాత్రం నా గోళ్ళు చూసింది.
"రోజుకెన్ని?"
"కట్ట."
"కట్టంటే?"
"ఇరవై ఐదమ్మా. ఒగోసారి..." నోరు మూసుకున్నా.
"నాలుగు వారాలు మానెయ్యి.
లేకుంటే కుట్టేది మేము, దగ్గి తెంపుకునేది నువ్వు."

మూడు గుండ్లుండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చింది.
గాలి లోపలికి పీలిస్తే గుండ్లు పైకి లేస్తాయంట.
నేను పీలిస్తే ఒకటి లేచింది.
రెండోది కదిలి, సిగ్గుపడి, మళ్ళీ కూర్చుంది.
ఇరవై ఆరేండ్లు పీల్చడమే కదా నా పని,
ఆ ఒక్క పనీ రాలేదు నాకు.

కన్నెమ్మ సోంపు పొట్లం కట్టిచ్చింది.
మూడో నాడు
తలుపు గట్టిగా వేసినాడని ఒక ముసలాయన మీద అరిచినా.
కిందికి వచ్చేదాకా ఆయన మాట్లాడలే, నేనూ మాట్లాడలే.
ఏడో నాడు దగ్గు ఎక్కువైంది.
మానితే తగ్గాల కదా, ఇదేం మోసం అన్నా.
"లోపల ఊడుస్తా ఉండాది, దుమ్ము లేస్తాదిలే"
అనింది నర్సు, కాగితాల్లోంచి తలెత్తకుండానే.

పదో నాడు వాసనలొచ్చినాయి.
యాడినుంచో కాదు, నా బండిలోంచే:
చంటిబిడ్డ కక్కిన చోట ఎండిన నిమ్మతొక్క,
కొత్త గుండ్ల మీద తడి చందనం,
వంపు వంపుకీ వేడెక్కే బ్రేకు.
ఇన్నాళ్ళూ ఈ బండిని
కండ్లతోనే తోలినట్టుంది నేను.

పంతొమ్మిదో నాడు.
ఏమీ కాలేదు ఆ పొద్దు.
చావు లేదు, కొట్లాట లేదు, అప్పులోడు రాలేదు.
వాన పడతా ఉండాది. అంతే.
అంగడి ఎనకాల నిలబడి సగం కాల్చినా.
మిగతా సగం చెప్పుతో నలిపినా.
నలిపినదాన్ని చూస్తా రొంతసేపు తడిసినా.

డాక్టరమ్మకి చెప్పేసినా.
అబద్ధమాడొచ్చు. కానీ
నన్ను నిద్రపుచ్చి మళ్ళీ లేపాల్సింది ఆమె కదా.
తిట్టలేదు. తేదీ కొట్టేసి వారం అవతలకి రాసింది.
"ఘాటు మధ్యలో బండి ఆగితే ఏం చేస్తావు?"
"చక్రం కింద రాయి పెడతా."
"తర్వాత?"
తర్వాత అక్కడినుంచే ఎక్కిస్తాం.
మళ్ళీ అలిపిరికి దిగొచ్చి ఎవుడు మొదలుపెడతాడు?
ఈ మాట పైకి అనలేదు. ఆమెకి తెలిసినట్టే ఉండాది.

రేపు పొద్దున ఆపరేషను.
మాపటేళ మూడు గుండ్లూ లేచినాయి,
మూడోది పడతా పడతా నిలబడింది.
అంగడి బల్ల తుడస్తా దొరసామి
సీసా ఎనకనుంచి కట్ట తీసి చూపించినాడు.
"చెమ్మ పట్టిపోయిందన్నా. పారేసేదా?"
"ఉండనీ."
"అంటే మళ్ళీ..."
గ్లాసు బల్ల మీద పెట్టి చెప్పినా:
"నేనింగా దిగలేదు దొరసామీ.
కొండ మీదనే ఉండా."