పదకొండో గడి

దరఖాస్తులో పదకొండో గడి:
"తల్లిదండ్రులెవరైనా ఈ కళాశాలలో చదివారా?
అవును / కాదు. అవునైతే రుజువు జతపరచాలి."
రుజువుకి ఐదు మార్కులు.

మూడు లాంతర్ల దగ్గర జెరాక్సు కొట్టులో
నా డిగ్రీ కాగితాన్ని గాజు మీద బోర్లా పెట్టింది
అలజంగి నీలవేణి.
నేను గుర్తుపట్టాను. తనూ పట్టే ఉంటుంది,
చూపు మాత్రం మిషను మీదే ఉంచింది.

తొంభై రెండు, జూన్. వాన వెలిసిన పొద్దు.
నోటీసు బోర్డుకి గుండుసూదులతో గుచ్చిన జాబితా.
సీట్లు నలభై. నాది నలభయ్యో పేరు.
నా డెబ్బై ఒకటి పక్కన ఎర్ర సిరాతో ఐదు.
ఆ ఐదూ నేను పరీక్ష రాసి తెచ్చుకున్నవి కావు.
వరండాలో వేలాడే హాకీ జట్టు ఫొటోలో
ఎడమ నుంచి మూడోవాడు మా నాన్న.
అక్కడ ఆయన నించున్నందుకు.

నీలవేణికి డెబ్బై నాలుగు. నలభై ఒకటో పేరు.
నెల్లిమర్ల జూట్ మిల్లులో రాత్రి షిఫ్టు దిగి
తలలో నార పొట్టుతోనే వచ్చిన వాళ్ళ నాన్న
జాబితాని వేలితో పైనుంచి కిందకి చదివాడు,
మళ్ళీ కిందనుంచి పైకి.
"మా గుంటకి మూడు ఎక్కువే కదేటి, బాబూ?"
ప్యూను ఎర్ర సిరా చూపించాడు.
లెక్క అర్థమైనట్టే తలూపాడాయన.

మా నాన్న చెడ్డవాడేం కాదు.
"వండి పెట్టిన చేతికి
ఒక ముద్ద ముందు పెడితే తప్పా?" అనేవాడు.
ఆయన ఇచ్చిన ఫ్యాను ఆరో నంబరు గదిలో ఉండేది,
రెక్క మీద పెయింటుతో ఆయన పేరు.
కరెంటు పోయినప్పుడే ఆ పేరు కనబడేది.
తిరుగుతున్నంతసేపూ గాలి
ఎవరి పిల్లవని అడక్కుండా వీచేది.

"మసగ్గా వచ్చినాదండి," అంది నీలవేణి.
"మీరిచ్చిందే జెరాక్సు.
కాపీకి కాపీ తీస్తే ఇలాగే ఎలిసిపోతాది.
నలుపు పెంచమంటారా?"
పెంచమన్నాను.

వెనక బల్ల మీద ఒక అమ్మాయి
అదే దరఖాస్తు నింపుతోంది.
"అమ్మా, పదకొండులో ఏటి రాయాలి?"
"కొట్టీ."
"కొట్టీడానికి లేదే, అవునో కాదో రాయాలంట."
మిషను వెలుగు ఒకసారి
నీలవేణి గడ్డం కిందనుంచి పాకి పోయింది.
"కాదని రాయి. అక్షరాలు గుండ్రంగా."

రెండు రూపాయలు. చిల్లర సరిగ్గానే ఇచ్చాను.

ఇంటికొచ్చేసరికి మా లాస్య
పెన్నుతో టిక్కు పెట్టేసింది.
"తప్పేముందమ్మా, నిజమే కదా?"

నిజమే.
నేనక్కడ చదివిన మాట నిజం,
ఇష్టంగా చదివిన మాట, పాఠం చెప్పి బతుకుతున్న మాట
అన్నీ నిజం.
ఆ నిజానికి ఐదు మార్కులెందుకో,
ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పే నోటికి
అదొక్కటి చెప్పడం రాలేదు.

కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది.
నలుపు బాగా ఎక్కింది,
నా పేరు మీద వేలు పెడితే
వేలికి అంటేంత.

రేపు సాయంత్రం నాలుగు గంటలకి ఆఖరు.