రిజిస్టరులో ఒక అంకె

మల్కాపురంలో నా ఉద్యోగం
చిమ్నీ గొంతు దగ్గర నాడి పట్టుకోవడం.
గంటకోసారి నైట్రిక్ ఆక్సైడ్ ఎంతో రాస్తాను.
హద్దు దాటితే ఎర్ర సిరా,
పైవాళ్లకి ఫోను, నాకు చీవాట్లు.
పదకొండేళ్లుగా అది నాకు దొంగ పేరు.

కేజీహెచ్‌లో ముప్పై ఒకటో వారం.
వరహాలు పాదాలు పొంగి
పట్టీలు మా అత్త కొంగుముడిలో చేరాయి.
బీపీ నూట యాభై బై వంద.
డాక్టర్ కస్తూరి డాప్లర్ తెర మీద
అలలో ఒక నొక్కు చూపించింది:
"ఇక్కడ రక్తం తడబడుతోంది.
ఈ నాళాలు బీచిలో అమ్మే శంఖాల్లా మెలికలు,
బిడ్డ కోసం వెడల్పు కావాలి.
వాటిని వదులు చేసేది ఒకటుంది,
నాళం గోడే పుట్టిస్తుంది.
ఈమెకి అది చాలడం లేదేమో."
ఏమిటది అన్నాను.
పేరు చెప్పింది.
కుర్చీ కోసం వెతుక్కున్నాను.

వరహాలు నవ్వింది, సెలైన్ చెయ్యి కదలకుండా:
"ఏటీ, నీ గొట్టంలో గాలే!
ఇన్నేళ్లూ నువ్వు తిట్టీసినావని
అలిగీసిందేటి?"

పీల్చితే పనికొస్తుందా అని అడగబోయి సిగ్గుపడ్డాను.
అడగకుండానే చెప్పింది డాక్టరు:
బయటిది విషమే.
లోపల పుట్టాలి, కావలసిన చోట, కావలసినంత.

రాత్రి సముద్రం దాకా నడిచాను.
బయట లంగరులో ఏడు ఓడలు.
డాల్ఫిన్స్ నోస్ పక్కన కాలువ ఇరుకు,
పైలట్ పడవ ఎదురెళ్తేనే
సరుకు రేవులోకి వచ్చేది.
ఇదీ అంతేనట.
కొన్ని సెకన్ల బతుకు.
పుట్టి, కండరం చెవిలో 'వదులు' అని చెప్పి
పోతుంది.
ఇన్ని నెలలూ గర్భసంచిని
'ఇప్పుడే కాదు' అని జోకొట్టేదీ అదేనట,
నెలలు నిండాక అక్కడ తగ్గి,
కింద ద్వారం దగ్గర పెరిగి
గడియ మెత్తబరుస్తుందట.
ఇది చెబుతూ డాక్టరు
'అనుకుంటున్నాం' అని రెండుసార్లు అంది.
ధైర్యం చెప్పిన వాళ్లందరికంటే
ఆ మాటే నాకు ఆసరా అయింది.

ఇవాళ మళ్లీ నైట్ షిఫ్టు.
బిడ్డ తన్నిందని ఎనిమిదికి మెసేజి,
తరవాత ఏమీ లేదు.
మూడు గంటల రీడింగు హద్దులోనే ఉంది.
నీలం పెన్ను మూత తీసి
మొదటిసారి ఆ పేరు పైకి చదివాను,
పక్క సీటు కుర్రాడు తలెత్తి చూశాడు.
ఏం లేదన్నాను.
అంకె వేశాను.