కళ్ళం గాలి

టోపీ బాబు వంగి
రెండు గడ్డిపోసలు తెంపి
గుండెకాడి నుంచి ఒగ్గేసినాడు.
ఎటు పడతాయా అని సూస్తన్నాడు.
నాకు నవ్వొచ్చీసింది.
బుజాన ఆయన బేగు ఉంది, నవ్వకూడదు.
సీర మీద తొడిగిన పచ్చ చొక్కా
కాలరు నోట్లో కుక్కుకున్నాను.

మా అత్తా అంతే.
సేట ఎత్తకముందు
పిడికెడు పొట్టు పైకి ఇసిరి
ఒక కన్ను మూసి సూసేది.
ఇక్కడే. ఈ ఏడో నెంబరు మిట్ట మీదే.
అప్పుడిది కళ్ళం. పేడతో అలికిన నేల,
సోళ్ళ కుప్ప,
కింద, కళ్ళు తిరిగేంత లోతున, నాగావళి,
ఏటికి అవతల రాయగడ పోయే బొగ్గు రైలు.
అమ్మేసినాం. ఎంతకని అడక్కు.

"గాలెటు?" అంటారు.
బువనేశ్వరమోళ్ళు ఒరియాలో,
రాయపూరోళ్ళు హిందీలో,
ఇశాపట్నమోళ్ళు తెలుగొచ్చీ ఇంగిలీసులో.
ఏ బాసలో అడిగినా
నాను సేత్తోనే సెప్తాను.

పొద్దున్న ఏట్లోంచి పైకొస్తాది గాలి,
తడిగుడ్డలాగ మొకానికి తగుల్తాది.
పదకొండు దాటితే తిరుగుతాది,
కొండల మీంచి దిగి ఏట్లోకి దూకుతాది.
తిరిగేముందు ఒక్క గుటకంతసేపు
ఎక్కడిదక్కడ ఆగిపోతాది.
"ముసిల్దాని కునుకు" అనేది మా అత్త.
ఆ కునుకులో తూర్పారబడితే
తాలూ గింజా ఒక్కకాడే పడతాయి.

బాబులు ఆ కునుకులోనే కొడతారు,
జెండా కదల్లేదు కదా అని.
బంతి లేస్తాది, తెల్లగా, సక్కగా.
అప్పుడు ముసిల్ది లెగుస్తాది.

కింద లారీ టూబు మీద తేలుతా
మా మరిది కొడుకు సింగడు.
బంతికి ఆరు రూపాయలు,
గీత పడితే మూడు.
పదకొండు దాటినాక
వోడు అన్నానికి కూడా పైకి రాడు.

మేనేజరు మొహంతీ బాబు
మొన్న గుప్పిట్లో పట్టే పంకా తెచ్చినాడు.
అది తిరిగితే గాలికి నంబరొస్తాదంట.
పడేస్తానేమోనని నాకివ్వడు.

నిన్న ఒక పిల్ల వచ్చింది తండ్రితో,
పన్నెండేళ్ళుంటాయేమో, పళ్ళకి తీగలు.
ఆయప్ప పంకా సూసి "జీరో, కొట్టు" అన్నాడు.
పిల్ల కర్ర ఎత్తింది.
"ఆగమ్మా."
నోరు జారిపోయింది.

ఆగింది.
నానూ ఆగినాను, పిల్లా ఆగింది, గాలీ ఆగింది.
తండ్రి నన్ను సూస్తన్నాడు, బేగు మాటాడినట్టు.
సెవి ఎనకాల ఎంటికలు కదిలినాయి.
"ఇప్పుడు. జెండాకేసి కాదు,
అదిగో, ఆ ఇప్పసెట్టుకేసి."

కొట్టింది.
బంతి ఇప్పసెట్టు దాకా పోయి
ఎవరో పిలిసినట్టు పక్కకి ఒరిగి
జెండా కాడ దిగింది.
తండ్రి సప్పట్లు కొట్టినాడు
పంకా సంకలో ఇరికించుకుని.
పిల్ల మాత్రం నా సేతికేసి సూసింది.

కింద
ఏటి మజ్జిన టూబు మీద సింగడు
తలెత్తి సూస్తనే ఉన్నాడు, ఇంకా పడనేదేటని.
ఆరు రూపాయలు.