నాలుగు మిల్లీసెకన్లు

పుయెర్తో మోంత్‌లో వాన అడిగి రాదు, చెప్పి పోదు.
ఆ వానలో చైతేన్ వెళ్ళే ఓడ మెట్ల మీద
ఇద్దరు మనుషులు, ఒకే సీటు.
నలభై ఏడు.
రెండు టికెట్లూ నిజమైనవే. ఇద్దరి డబ్బూ మాకు ముట్టింది.
ఒకామె చేతిలో గంపెడు కోడిపిల్లలు,
ఒకాయన చంకలో భార్య ఎక్స్‌రే, తడవకుండా.

ఓడ పేరు లా పోర్ఫియాదా. మొండిది అని అర్థం.
మొండిది ఓడ కాదు, మా కోడు.
పదహారేళ్ళ కింద రాసిన ఎలెవుతేరియో బర్రియా
రిటైరై ఇప్పుడు ఆల్చిప్పలు పెంచుకుంటున్నాడు.
ఫోన్ చేస్తే, "నా రోజుల్లో సీటుకొక్కరే కూర్చునేవారు"
అని పెట్టేశాడు.

సరే, నాడి పట్టి చూడాలి కదా.
ప్రతి ఫంక్షన్ గుమ్మంలోనూ ఒక కాపలావాణ్ణి నిలబెట్టాను:
ఎప్పుడొచ్చావు, ఎప్పుడు వెళ్తున్నావు,
ఎవరు పంపారు, చేతిలో ఏముంది.
ఒక్కో టికెట్టుకూ ఒక దారప్పోగు కట్టాను.
ఏ గదిలో తిరిగినా కొస నా వేలికి తెలుస్తుంది.
రాత్రయ్యేసరికి తెర నిండా గీతలు,
మగ్గం మీద పడుగు పరిచినట్టు.

ఎదురుచూశాను.
సోమవారం ఒక్కటీ లేదు.
మంగళవారం లేదు.
శుక్రవారం సెలవుల రద్దీ, అయినా లేదు.
పదకొండు వేల టికెట్లు,
ఎవరి సీటు వాళ్ళది, బడిపిల్లల్లా బుద్ధిగా.
మేనేజరు ఇగ్నాసియా భుజం తట్టింది. "బాగు చేశావు."
నేనేం చేశాను? చూశానంతే.

కాపలా తీసేశాను.
శనివారం తెల్లారేసరికి నలభై ఏడులో మళ్ళీ ఇద్దరు.
పెట్టాను, పోయింది. తీశాను, వచ్చింది.
అద్దం మీది ఆవిరి నా ఊపిరేనని తెలియక
ఊళ్ళో మంచు ఎంత పడిందో కొలుస్తున్నాను.

గీతలన్నీ పక్కపక్కన పెట్టుకుంటే అప్పుడు చిక్కింది.
నా కాపలావాడు పేరు రాసుకోవడానికి
నాలుగు మిల్లీసెకన్లు తీసుకుంటున్నాడు.
రెప్పపాటులో అలాంటివి యాభై పడతాయి.
ఆ కాస్త ఆలస్యంలోనే
మొదటివాడు లోపలికెళ్ళి తలుపేసుకుంటున్నాడు,
రెండోవాడు మూసిన తలుపు చూసి మళ్ళుతున్నాడు.
నేను లేనప్పుడు
ఇద్దరూ ఒక్క క్షణానే తొంగి చూసి
ఖాళీ అనుకుని ఖాళీలోకి

మధ్యాహ్నం రేవుకు నడిచాను.
మెట్ల దగ్గర నోల్బెర్తో,
బొటనవేలి కింద లెక్కల మిషను. టిక్కు. టిక్కు.
జనం ఒక్కొక్కరుగా, తోపులాట లేకుండా.
"ఎంతమంది ఎక్కారు?"
తిప్పి చూపించాడు. మూడు వందల పన్నెండు.
ఓడలో సీట్లే రెండొందలు.
"లోపల స్ప్రింగు పోయి రెండేళ్ళయింది, మాయితే.
టిక్కుమంటుంది, అంకె కదలదు.
ఇది చేతిలో లేదనుకో, ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటారు."
"మరి లెక్క?"
"లెక్కకేం, కళ్ళున్నాయిగా."

ఆ రాత్రి కోడులో అసలు తాళం వేశాను. మూడే మూడు వరుసలు.
కాపలా ఉన్నా, లేకున్నా ఇప్పుడొకటే.
తీసేయొచ్చు.
మీట మీద వేలు పెట్టి
మాతే చల్లారిపోయేదాకా కూర్చున్నాను.
చివరికి తీయలేదు. పక్కన ఒక ముక్క రాశాను,
నా తర్వాత వచ్చేవాళ్ళకి:
వీడితో పని లేదు. అయినా పంపేముందు
ఒక వారం మీరు నిలబడి చూడండి.

గ్రాఫు ఇప్పుడు నునుపు, గాలిలేని నాటి సముద్రంలా.
అందులో ఎక్స్‌రే లేదు. గంప లేదు.
ఆ మొదటి రోజు సీటు ఎవరికి దక్కిందో
ఏ గీతలోనూ వెతికి పట్టలేను.
నోల్బెర్తోని అడగాల్సి వచ్చింది.

ఆయన కూర్చున్నాడట.
ఆమె ఇంజిను గది గోడకు వెచ్చగా వీపు ఆనించి,
కింద, గంప ఒళ్ళో పెట్టుకుని.
చైతేన్ దాకా కోడిపిల్లలు అరుస్తూనే ఉన్నాయట.