మిగిలిన రీము

కెమి ఊళ్ళో కాగితం మిల్లు మూతపడ్డాక
హిల్క్కా యుంట్టి దగ్గర మిగిలినవి రెండే:
నడుం నొప్పి,
వరుస కుదరక బయటపడ్డ రీములు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్యాకింగు హాల్లో నిలబడ్డ మనిషి.
అరవై అంటే ఆరు పదులు, ఐదు పన్నెండ్లు,
ఎటు పేర్చినా ఒదిగిపోయే బుద్ధిమంతురాలు.
అరవై ఒకటి వచ్చిందా, ఇక అంతే,
అటు తోసినా ఇటు తోసినా ఒకటి బయటే.
మొండిఘటం అని ఫోర్‌మన్ తిట్టేవాడు.
ఆమె ఆ ఒక్కదాన్నీ చంకలో పెట్టుకుని
ఇంటికి నడిచేది.

ఇప్పుడు ఆవిరిగది పక్కన, బట్టలు మార్చుకునే చోట
పాత కంప్యూటరొకటి రాత్రింబవళ్ళు రొద పెడుతోంది.
దాని నోట్లో ఒక సంఖ్య:
పదమూడు కోట్లకు పైగా రెళ్ళని గుణించి
ఒకటి తీసేస్తే వచ్చేది.
యంత్రం భాషలో రాస్తే అన్నీ ఒకట్లే,
మంచులో కంచె గుంజల్లా చివరిదాకా ఒకట్లు.
మన అంకెల్లో, ఒకవైపే అచ్చేస్తే, ఇరవై రీములు.
(ఆమె లెక్కే ఇది. అలవాటు.)

నిజంగా ప్రధాన సంఖ్యే అయితే
ఒకటో ఎక్కంలో, తన సొంత ఎక్కంలో తప్ప
ఏ పిల్లా వల్లించే ఏ ఎక్కంలోనూ దొరకదు.

పరీక్ష చూస్తే పసివాళ్ళది.
నాలుగుతో మొదలుపెట్టు.
దాన్ని దానితోనే హెచ్చవేయి. రెండు తీసేయి.
ఆ కొండంత సంఖ్యతో భాగించి శేషం పట్టుకో.
మళ్ళీ హెచ్చవేయి. మళ్ళీ రెండు.
అలా పదమూడు కోట్లసార్లు.
ఆఖర్న ఏమీ మిగలకపోతే అది ప్రధానం.
అప్పు శేషం, నిప్పు శేషం ఉంచకూడదంటారే, అలా.

పక్కింటి ఒన్ని, మంచు తోసే బండి నడిపేవాడు,
గుమ్మంలోనే నిలబడి అడిగాడు:
"ఇంత కరెంటు తాగి ఇది దేనికి పనికొస్తుంది?"
ఆమె కంప్యూటరు మీద ఆరేసిన చేతితొడుగుల్ని
తిరగేసి పెట్టింది.
"ఆరుతున్నాయిగా" అంది.

అక్టోబరులో మొదలైంది. నది గడ్డకట్టింది.
సూర్యుడు మధ్యాహ్నం తల ఎత్తి
ఏదో మరిచినట్టు వెనక్కి మళ్ళే రోజులు వచ్చి పోయాయి.
ఒకసారి కరెంటు పోయింది; ఆపిన చోటునుంచే మళ్ళీ ఎత్తుకుంది.
ఫిబ్రవరిలో ఒక మంగళవారం, కాఫీ మరుగుతుండగా
రొద ఆగింది.

శేషం సున్నా కాదు.

అంటే ఇది విడిపోతుంది.
ఏవో సంఖ్యలు ఎక్కడో ఒకదాన్నొకటి హెచ్చవేసుకుని
ఇదై కూర్చున్నాయి.
వాటి పేర్లేమిటో, ఎంతెంతవో
పరీక్ష చెప్పదు.
పగిలిందంటుంది, బీట చూపించదు.
నాకైతే ఇదే నమ్మలేని సంగతి.
ఆమెకు కాదు: రీము ఎత్తగానే
లోపల కాగితాలు తక్కువని చేతులకు తెలిసేది,
ఏ కాగితాలో ఎవరడిగారు?

పాత రీము విప్పి ఒక కాగితం లాగింది.
శేషం తోకలోని పదహారు గుర్తులు పెన్సిలుతో రాసుకుంది.
వేరే దేశంలో వేరే యంత్రం ఇదే దారి నడిచి
ఇవే పదహారు తెస్తే తప్ప
ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా.

తొడుగులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి.
తర్వాతి సంఖ్య ఎక్కించి
వేళ్ళు చాచి చూసింది,
వేడి మొదలైందా అని.