రెండే గడులు

సనయ్యల ముప్పై రెండో గల్లీ,
క్యాంపు వెనక రేకుల కంటైనర్ ఆఫీసు.
పోయినేడు గ్రైండర్‌కు రెండు వేళ్లు ఇచ్చినంక
నన్ను ఎండల నుంచి ఏసీలకు మార్చిండ్రు.
"నీ అదృష్టం భూమన్నా" అన్నడు సజీ.

పని సులువే.
తెర మీద ఫోటో వస్తది,
క్రేన్ మీది కెమెరా తీసింది.
మనిషి చుట్టూ గీత గీసి
గీత మీద ఒక మాట నొక్కాలె.
రెండే గడులు.
పచ్చది: పని.
ఎర్రది: ఖాళీ.
రోజుకు పదకొండు వందల మంది.

మిషన్‌కు ఇంకా తెల్వదట,
పసిపోరనట, నేర్పాలెనట.
నేర్పిన.
కడ్డీ కట్టేటోడు పని.
సిమెంటు మోసేటోడు పని.
తట్ట దించి నడుం పట్టుకున్నోడు
వేలు ఆగుతది.
ఆగితే తెర మూలకు గడియారం ఎర్రగైతది,
నన్ను గూడ ఎవడో లెక్కవెడుతుండు.
ఖాళీ.

నీళ్లు తాగేటోడు ఖాళీ.
బూటుల ఇసుక దులుపుకునేటోడు ఖాళీ.
మొగులు దిక్కు చూసేటోడు,
ఈడ మొగులెక్కడిది, ఏం చూస్తుండో,
ఖాళీ.
ఫోన్ల బిడ్డ ఫోటో చూపెట్టేటోనికి, చూసేటోనికి
ఇద్దరికీ ఒకటే గీత సరిపోయింది.

మొఖాలు కనవడయి.
హెల్మెట్, మెడకు తువ్వాల.
నడక దాగుతదా?
ఎడమకాలు ఈడ్చేటోడు
నా పై మంచం తిలక్ బహదూర్.
రాత్రి వాడు వండిన పప్పు తిన్న.
పొద్దున వానికి నాలుగు ఎర్రలు పెట్టిన.

జూన్‌ల ఒక ఫోటో.
స్తంభం నీడకు పక్కకొరిగిన మనిషి,
చెయ్యి ఒకటి నీడ దాటి ఎండల పడ్డది.
పెద్దగ జేసి చూసిన.
నిద్రనా?
నిద్రపొయ్యేటోడు కాలే చెయ్యిని గుంజుకుంటడు గద.
మూడో గడి కోసం తెర అంతా ఎతికిన.
సజీని అడిగిన.
"పాత ఫోటో భాయ్, అయ్యేది అయ్యింది. నొక్కు."

వాని జీతం కట్ గావద్దని
పచ్చది నొక్కిన.
కావాలనే, మొండి వేలుతోని.
ఆ రాత్రి మంచిగ నిద్రపట్టింది.

ఆగస్టుల మిషన్‌ను సైటుకు ఎక్కిచ్చిండ్రు.
పదింటికి పని బందు,
తొమ్మిదిన్నరకు పడ్డడు తిలక్,
సెంట్రింగ్ చెక్కల నడుమ.
కింద తెర చూసేటోడు చూసిండట,
పచ్చ గీతల మనిషి.
పని జేస్తుండు గద అనుకున్నడట.
నలభై నిమిషాలు.

"ఒక్క ఫోటోతోని ఏం నేర్చుకుంటది,
లక్షల్ల ఒకటి" అంటడు సజీ, నా మొఖం చూసి.
నిజమే కావచ్చు.
మరి ఆ లక్షల్ల
నా అసోంటోళ్లు ఎందరున్నరో,
ఏ దేశపోళ్లో,
జాలికి తప్పు నొక్కినోళ్లు,
భయానికి ఒప్పు నొక్కినోళ్లు.

దవాఖానల కండ్లు తెరిచిండట, మాట లేదట.
గిన్నెల పప్పు ఒక్కనికి ఎక్కువైంది.
రాత్రంతా పై మంచం కిర్రుమంటదేమోనని
చెవి పెట్టుకొని పన్న.
పొద్దున ఆరింటికి తెర ఎలిగింది.
మొదటి ఫోటో.
ఒగడు కూసున్నడు,
మోకాళ్ల నడుమ తల.
గడియారం ఎర్రగైతుంది.