పదకొండు నిమిషాల నీళ్లు

మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు.
ఇంటికి ఆరు బిందెలు.
ఆ లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంటుంది,
అట్టకి పాలపేకెట్టు కవరు తొడిగి.
అందుకే ముందే ఒప్పుకుంటున్నాను:
అప్పలకొండ మీద మొదటి తిట్టు నాదే.

షిప్‌యార్డులో పైపులు బిగించి బిగించి
రిటైరైన మనిషి. కుడిచేతి చూపుడువేలు సగమే.
ఆరిలోవ పైన, కంబాలకొండ కంచెకి ఆనుకుని
మా ఆఖరి వరస, పద్నాలుగు రేకుల ఇళ్లు.
శివరాత్రి వెళ్లేసరికి కొండమీద గడ్డి
గీస్తే అంటుకునేలా ఉంటుంది.
ఎవడో బీడీ పారేస్తాడు,
ఎవడో తేనెపట్టుకి పొగ పెడతాడు,
మిగతా పని గాలి చూసుకుంటుంది.

పూర్ణా మార్కెట్టు వెనక పాత ఇనుము కొట్లన్నీ తిరిగి
ఇత్తడి నాజిళ్లు కిలోల్లెక్కన తెచ్చాడు.
రేకుల అంచున పైపు. బారెడుకొక నాజిల్.
దాని మూతికి చిటికెన గోరంత గాజు గుళిక,
లోపల ఎర్ర మందు.
"ఏడి తగిల్తే ఇది పగుల్తాది. పగిల్తే నీరొదుల్తాది.
నువ్వు నిద్దర్లో ఉన్నా సరే, పెళ్లికెళ్లినా సరే."
పైన బండమీద నల్ల టాంకు, రెండువేల లీటర్లు.
"దాన్నెవుడు నింపుతాడు మావా?"
"ఇంటికో బిందె," అన్నాడు,
ఉప్పు అప్పడిగినంత తేలిగ్గా.

ఏప్రిల్లో ఒక మిట్టమధ్యాహ్నం
మంట లేదు, పొగ లేదు,
రేకు వేడికే ఆ గుళికలు టప్పుమన్నాయి.
పిల్లలు చొక్కాలిప్పి గెంతారు.
గున్నమ్మ ఆరబెట్టిన నెత్తళ్లు
తడిసి సముద్రాన్ని తలుచుకున్నాయి.
నేను ఎర్ర పెన్నుతో రాశాను:
వృథా, నూటపద్నాలుగు బిందెలు.
అంటే వీధంతా పదహారు రోజులు నోరు కట్టుకోవడం.

అతను మాట్లాడలేదు.
మర్నాడు ఆకుపచ్చ మందు గుళికలు తెచ్చాడు,
ఎండకి లొంగనివి.
నిచ్చెన పట్టుకోడానికి ఎవరూ వెళ్లలేదు.
నేను వెళ్లాను. తిడుతూనే పట్టుకున్నాను.

మే నెల. రాత్రి రెండు.
ముందు వాసన రాలేదు, చప్పుడొచ్చింది,
ఎవరో కొత్త కోకలు చింపుతున్నట్టు.
కొండ నెత్తిమీంచి ఎర్ర అంచు దిగుతోంది.
బీచ్‌రోడ్డులో నిలబడి చూసినవాళ్లు
ఏ పండగ దీపాలో అనుకుని ఉంటారు.

టప్. టప్. టప్.
పేలాలు వేగినట్టు వరసగా.
రేకులన్నిటికీ ఒక్కసారి చెమట పట్టింది.
ఎగిరొచ్చిన నిప్పు కణికలు
చూరుమీద సుయ్యిమని నల్లబడి జారాయి.
ఫైరింజను హనుమంతవాక మలుపులో ఉంది,
మా సందు దానికి పట్టదు.

ఫోనులో టైము చూస్తూ నిలబడ్డాను, అలవాటు.
తొమ్మిదో నిమిషానికి ధార దారమైంది.
పదకొండుకి చుక్క.
అప్పటికి మంట కంచె దగ్గర తడి గడ్డిని
నాలుగుసార్లు కొరికి చూసి
జీడితోటల వైపు మళ్లింది.

దాలయ్య మేకలశాల దక్కలేదు.
పైపు అంతదాకా చాల్లేదు, పన్నెండడుగులు తక్కువ.
రెండు మేకలు.
అప్పలకొండ ఇప్పటికీ అటు వెళ్తే
ఆ పన్నెండడుగులు
పాదం పక్కన పాదం వేసి నడుస్తాడు.

ఇంకొకటి చెప్పాలి.
నీళ్లు పడుతుండగా మా గోడవార
ఒక చెవులపిల్లి వచ్చి కూర్చుంది,
వీపుమీద బొచ్చు కమిలి.
దాన్ని చూస్తే నోరూరని మగాడు మా వీధిలో లేడు.
ఆ రాత్రి ఎవరూ చెయ్యి చాపలేదు.
అది తడిసినంతసేపు తడిసి వెళ్లిపోయింది.

తెల్లారి పుస్తకం తెరిచాను.
నూటపద్నాలుగు బిందెలు, సరే.
ఏ గడిలో రాయాలి?
నేను గీసినవి మూడే గడులు:
తాగడానికి, వాడకానికి, వృథా.
పెన్ను కాసేపు పట్టుకుని మూసేశాను.

టాంకు ఖాళీ.
రేపు నీళ్ల రోజు.
ఇంటికి ఐదు బిందెలే.